పథ్యం సరే... మాత్ర మానొద్దు!

*ఫోన్ తెరిస్తే చాలు, కీళ్లవాతానికి ఒక కషాయం, ఒక డైట్, ఒక ‘నలభై రోజుల కోర్సు’. వాటిని నమ్మి మందులు ఆపేసినవాళ్లూ, ఏం తింటే ఏమవుతుందోనని కంచం ఖాళీ చేసుకున్నవాళ్లూ ప్రతి వీధిలో కనిపిస్తారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో తిండి చేయగలిగింది ఎంత? చేయలేనిది ఎంత?*

పొద్దున ఎనిమిదిన్నర. కీళ్లవ్యాధుల ఓపీ ముందు కుర్చీలు అప్పటికే నిండిపోయాయి. గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. ఒళ్లో ఎక్స్‌రే కవర్లు, క్యారీబ్యాగుల్లో మడతలు పడ్డ పాత చీటీలు, స్టీలు డబ్బాల్లో ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు. చాలామంది వేళ్లకు ఉంగరాల్లేవు. ఉబ్బిన కణుపు దాటి రాకపోతే కంసాలి దగ్గర కోయించి తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. టోకెన్ నంబరు పిలిచేలోపు మాటలు కలుస్తాయి.

“నీకు మొదట ఎలా తెలిసింది పిన్నీ?”

“సంక్రాంతికి ముగ్గేస్తుంటే పిండి వేళ్ల మధ్య నిలవలేదమ్మా. గీత ఎక్కడికక్కడ తెగిపోయింది. చలికేమో అనుకున్నా.”

ఇంకొకామెకు కుక్కర్ మూత తిరగలేదు. మరొకామెకు జాకెట్ హుక్కులు పడలేదు. కుచ్చిళ్లు పెట్టుకోవడానికి కూతుర్ని పిలవాల్సి వచ్చిందని చెబుతూ ఒకావిడ నవ్వేసింది. పక్కనున్నవాళ్లు నవ్వలేదు. ఇక అక్కణ్నుంచి మాట తిండి మీదికి మళ్లుతుంది.

“నేను వంకాయ మానేసి మూడేళ్లయింది.”

“పప్పు తింటున్నావా? అయ్యో, వాతం చేసేదే పప్పు కదమ్మా!”

“మా ఆడపడుచు పంపిన వీడియోలో పెరుగు విషం అన్నారక్కా.”

గోంగూర, టమాటా, బంగాళాదుంప, చింతపండు, చిక్కుడు, శనగపిండి... జాబితా పెరిగి పెరిగి చివరికి కంచంలో చారన్నం మిగులుతుంది. విచిత్రమేమిటంటే ఈ జాబితా లోపల కూర్చున్న డాక్టరు రాసింది కాదు. చుట్టాలు, పక్కింటివాళ్లు, యూట్యూబ్ కలిసి రాసింది.

ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా ఈ సంభాషణ వినిపిస్తుంది. కొన్నేళ్లుగా తెలుగునాట డైట్లు అలలుగా వచ్చాయి. ఉప్పులేని వంటలు, కొబ్బరినూనె డైట్లు, సిరిధాన్యాల అంబళ్లు, ఆకుల కషాయాలు. ప్రతి అలా వెళ్తూ వెళ్తూ కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఒక ఆశ ఇచ్చి వెళ్లింది. కొందరికి మేలూ చేసింది. కొందరి వేళ్లను శాశ్వతంగా వంచేసింది. తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం.

ఒంటి మీద ఒళ్లే తిరగబడితే

కీళ్లనొప్పులన్నీ ఒకటి కావు. వయసుతో మోకాలు అరిగితే వచ్చే నొప్పి వేరు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. ఇందులో రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర ఉబ్బుతుంది, కీలులో నీరు చేరుతుంది. అలాగే వదిలేస్తే మృదులాస్థిని, ఆ తర్వాత ఎముకను కొరికేస్తుంది. ఒకసారి కొరికిన ఎముక మళ్లీ పూడదు. అందుకే వైద్యులు మొదటి కొద్ది నెలలను బంగారంలా చూస్తారు. జబ్బు మొదలైన మూడు నుంచి ఆరు నెలల్లో సరైన మందు పడితే చాలామందిలో కీళ్లు వంకర్లు పోకుండా కాపాడవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో దాదాపు 1.8 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. వారిలో సుమారు 70 శాతం మహిళలే. ఎందుకొస్తుందంటే ఒక్క కారణం చూపించలేం. కొంత వంశపారంపర్యం, కొంత హార్మోన్లు, కొంత మన చుట్టూ ఉన్న గాలి. పొగాకు పాత్ర మాత్రం గట్టిగా రుజువైంది. పొగ తాగేవారిలో జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ, వచ్చాక మందులు పనిచేయడమూ తక్కువ. సిగరెట్టయినా బీడీ అయినా చుట్టయినా ఇంతే. పంటి చిగుళ్ల జబ్బుకూ దీనికీ సంబంధం ఉందని కూడా పరిశోధకులు చెబుతున్నారు. వంకాయ మానడానికి ముందు చుట్ట మానాలి, చిగుళ్లు చూపించుకోవాలి. ఈ మాట వీడియోల్లో ఎవరూ చెప్పరు. చెబితే అమ్ముకోవడానికి ఏమీ ఉండదు మరి.

ఇంకో సంగతి. ఇది కీళ్లతో ఆగే జబ్బు కాదు. ఒంట్లో రగిలే వాపు రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. రుమటాయిడ్ ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు మిగతావారికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. కీళ్ల కోసం తిండి మార్చుకున్నా మార్చుకోకున్నా, గుండె కోసమైనా మార్చుకోక తప్పదు.

> వాతమా? అరుగుదలా? యూరిక్ యాసిడా?
>
> రుమటాయిడ్: రెండు చేతులకూ ఒకేలా వస్తుంది. వేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు ఉబ్బుతాయి. పొద్దున లేచాక గంటకు పైగా బిగుసుకుపోయి ఉంటాయి. కదిలించేకొద్దీ సడలుతాయి.
>
> అరుగుదల: ఎక్కువగా మోకాళ్లు. నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపే.
>
> గౌట్: చాలాసార్లు కాలి బొటనవేలితో, రాత్రికి రాత్రే మొదలవుతుంది. ఎర్రగా వాచి దుప్పటి తగిలినా భరించలేరు. మగవాళ్లలో ఎక్కువ.
>
> చికున్‌గున్యా తర్వాత: జ్వరం తగ్గినా నెలల తరబడి కీళ్లు ఉబ్బవచ్చు. 2006లో ఆంధ్రప్రదేశ్‌ను ఆ జ్వరం చుట్టేసినప్పుడు ఈ అనుభవం ఎన్నో ఊళ్లు చూశాయి. చూడ్డానికి అచ్చం రుమటాయిడ్‌లా ఉంటుంది.
>
> తేల్చడానికి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు చేస్తారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒక్కటే చూసి జబ్బు ఉందనీ లేదనీ చెప్పలేం. జబ్బున్నా కొందరిలో నెగెటివ్ వస్తుంది, జబ్బు లేకున్నా కొందరిలో పాజిటివ్ వస్తుంది.

ఎవరి పథ్యం వాళ్లకు ఎందుకు నిజమనిపిస్తుంది?

“నాకు తగ్గింది కాబట్టే చెబుతున్నా” అనేవాళ్లు అబద్ధమాడటం లేదు. వాళ్లకు నిజంగానే తగ్గింది. కాకపోతే ఈ జబ్బు నడకే అలాంటిది. కొన్ని వారాలు విజృంభిస్తుంది, కొన్నాళ్లు దానంతటదే నెమ్మదిస్తుంది. నొప్పి శిఖరానికి చేరినప్పుడే మనిషి కొత్త దారి వెతుక్కుంటాడు. కషాయం మొదలుపెడతాడు, వంకాయ మానేస్తాడు. అది ఎలాగూ దిగాల్సిన సమయం. దిగుతుంది. ఆ పుణ్యం కషాయానికి పోతుంది. మళ్లీ ఎగిసినప్పుడు మాత్రం తప్పు పథ్యానిది కాదు, పథ్యం తప్పిన మనిషిది! పెళ్లిలో ఒక గరిటె గుత్తివంకాయ వేసుకున్న పాపానికి ఏడాదంతా తనను తాను తిట్టుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

అలాగని తిండికీ కీళ్లకూ సంబంధమే లేదనడం కూడా తప్పు. దీన్ని శ్రద్ధగా పరీక్షించినవాళ్లు ఉన్నారు. నార్వేలో 53 మంది రోగులతో చేసిన ఒక అధ్యయనం 1991లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. సగంమందితో మొదట వారం, పది రోజులు ఉపవాసం చేయించి, ఆ తర్వాత ఏడాదిపాటు శాకాహారం పెట్టారు. వాళ్లలో నొప్పి, వాపు, పొద్దుటి బిగుతు తగ్గాయి. ఉపవాసం ఒక్కటే చేసి మళ్లీ పాత తిండికి వస్తే ఆ హాయి నిలవదని కూడా అప్పటి పరిశోధనల్లో తేలింది. స్వీడన్‌లో 2003లో 51 మందితో చేసిన మరో ప్రయోగంలో కూరగాయలు, పప్పుగింజలు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే మధ్యధరా తీరపు తిండిని 12 వారాలు పెట్టారు. జబ్బు తీవ్రత కొంత తగ్గింది. కొంతే. ఈ ‘కొంతే’ అన్న మాటను వీడియోల్లో వదిలేస్తారు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఇలాంటి అధ్యయనాలన్నీ ముందేసుకుని 2022లో సలహాలు ఖరారు చేసింది. మందులతోపాటు మధ్యధరా తరహా తిండి మంచిదే అంది. అదీ కొన్ని షరతులతో. మిగతా పేరున్న డైట్లు వేటినీ, సప్లిమెంట్ డబ్బాలనూ ప్రోత్సహించలేదు. పోషకాలు కంచం నుంచే రావాలంది. ఏ షరతూ లేకుండా గట్టిగా చెప్పింది ఒక్కటే: వ్యాయామం.

ఆలివ్ నూనె అక్కర్లేదు, కవళ్లు చాలు

మధ్యధరా అనగానే సూపర్‌మార్కెట్‌కు పరుగెత్తనక్కర్లేదు. అందులో ఉన్న సారమంతా కూరగాయలు, ఆకుకూరలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యం, గింజలు, చేప, తక్కువ తీపి, తక్కువ మేక మాంసం. తెల్లన్నం కంచాన్ని ఆక్రమించుకోకముందు మన తాతమ్మల తిండి దాదాపు ఇదే. జొన్నరొట్టె, తోటకూర పప్పు, చేపల పులుసు, నువ్వుల పొడి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి 500 గ్రాములు, ధాన్యం 250 గ్రాములు, పప్పులు, మాంసాహారం కలిపి 85 గ్రాములు. మన ఇళ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. అన్నం కొండ, దాని పక్కన చెంచాడు కూర.

చేపల దగ్గర కాస్త ఆగాలి. వాపును తగ్గించే విషయంలో తిండి పదార్థాలన్నిటిలోకీ బలమైన ఆధారాలున్నది చేపల్లోని ఒమేగా-3 కొవ్వులకే. రోజుకు దాదాపు మూడు గ్రాముల చొప్పున కనీసం మూడు నెలలు తీసుకున్నవారిలో పొద్దుటి బిగుతు, నొప్పి మాత్రల వాడకం కొంత తగ్గినట్టు పలు ప్రయోగాలను కలిపి చూసినప్పుడు తేలింది. అంత మోతాదు కూర ద్వారా రోజూ రావడం కష్టం. క్యాప్సూళ్లు వేసుకోవాలనుకుంటే డాక్టర్ని అడిగి వేసుకోవాలి, రక్తం పలచబడే మందులు వాడేవారైతే మరీను. వారానికి రెండు మూడుసార్లు చేప తినడం మాత్రం ఎవరికైనా మేలే. పుస్తెలమ్మి పులస కొనాల్సిన పనిలేదు. విశాఖ, కాకినాడ రేవుల్లో చవగ్గా దొరికే కవళ్లు, కానాగంతల్లో ఈ కొవ్వు పుష్కలం. ఒక్క షరతు: పులుసుగానో, కాస్త నూనెలో కాల్చో తినాలి. మసాలా పట్టించి మూకుడు నిండా నూనెలో వేయిస్తే చేప మంచితనం నూనె పాలు.

శాకాహారులకు అవిసె గింజలు, ఆక్రోట్లు ఉన్నాయి. వాటిలో ఉండే ఒమేగా-3 వేరే రకం. దాన్ని ఒళ్లు చేపల రకంగా మార్చుకునేది చాలా తక్కువ. అయినా పీచు, మంచి కొవ్వు దొరుకుతాయి కాబట్టి అవిసె పొడి అన్నంలోకి చెంచాడు వేసుకుంటే నష్టం లేదు. అద్భుతం మాత్రం ఆశించకూడదు.

తర్వాత ఎముకలు. ఈ జబ్బే ఎముకలను పలచన చేస్తుంది, దీనికి వాడే స్టెరాయిడ్లు ఇంకా పలచన చేస్తాయి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో అంతకు మూడు రెట్లకు పైనే. పెరుగు, మునగాకు, రాగిసంకటి, నువ్వుల పచ్చడి: ఇవన్నీ ‘వాతం’ పేరుతో దూరం పెట్టాల్సినవి కావు, పిలిచి కూర్చోబెట్టాల్సినవి. విటమిన్ డి కోసం ఎండ, తక్కువుంటే డాక్టరు రాసిన మందు. స్టెరాయిడ్ వాడుతున్నంతకాలం బీపీ, షుగరు పెరిగే అవకాశం ఉంటుంది కనుక ఆవకాయకూ అప్పడాలకూ కాస్త కళ్లెం వేయాలి. ఆవకాయ మానమని చెప్పడానికి ఈ కథనం రాస్తున్నవారికీ నోరు రావడం లేదు. ముద్దకో ముక్క బదులు పూటకో ముక్క!

ఇక కూల్‌డ్రింకులు. అమెరికాలో నర్సులను దశాబ్దాలపాటు గమనించిన అధ్యయనంలో రోజుకు ఒకటి, అంతకంటే ఎక్కువ తీపి సోడాలు తాగినవారిలో ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. మజ్జిగ ఉన్న ఊళ్లో వాటి అవసరమేముంది?

పాపం పప్పు

పప్పు మీద పడిన నింద గౌట్ పుణ్యమే. యూరిక్ యాసిడ్ పెరిగినవారికి ఇచ్చే సలహా ఇల్లిల్లూ తిరిగి, కీళ్లనొప్పులున్న అందరికీ అంటుకుంది. నిజానికి రుమటాయిడ్‌కూ యూరిక్ యాసిడ్‌కూ సంబంధం లేదు. పైగా ఈ జబ్బులో కండ కరిగిపోతుంది. బరువు మామూలుగానే కనిపించినా లోపల కండ తగ్గి కొవ్వు చేరుతుంది. అలాంటి మనిషి పప్పు, పాలు, గుడ్లు మానేస్తే కుర్చీలోంచి లేవడమే గండమవుతుంది. నీరసం వస్తే “చూశావా, జబ్బు ముదిరింది” అంటారు. ముదిరింది జబ్బు కాదు, ఆకలి.

టమాటా, వంకాయ, బంగాళాదుంప, మిరప ఒకే కుటుంబం మొక్కలు. వాటితో వాపు పెరుగుతుందన్న ప్రచారం పాశ్చాత్య దేశాల్లోనూ ఉంది. గట్టి రుజువు లేదు. అయితే ఒక మనిషికి ఒక పదార్థం పడకపోవచ్చు. అనుమానముంటే ఆ ఒక్కటే రెండు మూడు వారాలు ఆపి చూడాలి. మళ్లీ తిని చూడాలి. రెండుసార్లూ తేడా స్పష్టంగా ఉంటే మానేయాలి, లేకపోతే హాయిగా తినాలి. ఒకేసారి పదీ మానేస్తే ఏది దోషో తెలిసేదెలా?

ఉపవాసాల మాటకొస్తే, ఏకాదశి ఉపవాసం కొందరికి తేలిగ్గానే అనిపిస్తుంది. కానీ ఖాళీ కడుపున నొప్పి మాత్ర వేసుకుంటే పుండు పడుతుంది. షుగరు ఉన్నవారికి, స్టెరాయిడ్ వాడేవారికి కఠోర ఉపవాసాలు ప్రమాదం.

> భీమవరం బిడ్డ పంచిన రెండు మాత్రలు
>
> రుమటాయిడ్‌కు ప్రపంచమంతా మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. దాని దుష్ఫలితాలు తగ్గించడానికి తోడుగా ఇచ్చేది ఫోలిక్ యాసిడ్. ఈ రెంటి వెనకా ఒక తెలుగువాడున్నాడు.
>
> యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులు, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్, కూడా అక్కడి కృషి ఫలమే. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా లొంగదీశారు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు. 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను రుమటాయిడ్‌కు అధికారికంగా అనుమతించింది.
>
> గుర్తుంచుకోండి: కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భం కోరుకునేవారు నెలల ముందే డాక్టరుకు చెప్పి ఆపాలి. మద్యం పనికిరాదు.

పసుపు మంచిదే. పసుపు డబ్బా?

దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్ల పేరు చెబితేనే పసుపు వాసన వస్తుంది. వాపును తగ్గించే గుణం పసుపులోని కర్క్యుమిన్‌కు ఉందని ప్రయోగశాలల్లో తేలింది. మనుషుల మీద జరిగిన ప్రయోగాలు మాత్రం చిన్నవి. మన దేశంలోనే 45 మంది రుమటాయిడ్ రోగులతో జరిగిన ఒక ప్రయత్నం 2012లో వెలువడింది. ఫలితం ఆశాజనకంగానే ఉంది, కానీ 45 మందితో నిర్ణయాలు చేయలేం. పసుపు కొమ్ములో కర్క్యుమిన్ మూడు శాతం అటూ ఇటూ, ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. కూరలో చిటికెడు, పాలలో చిటికెడు మిరియాలతో కలిపి తాగడం వరకు నిశ్చింతగా ఉండొచ్చు. గాఢంగా తయారుచేసిన క్యాప్సూళ్లతో వేరే దేశాల్లో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మెథోట్రెక్సేట్ వాడుతున్నవారి కాలేయం ఇప్పటికే డ్యూటీలో ఉంటుంది. దాని మీద ఇంకో బరువెందుకు?

తిప్పతీగ విషయంలో ఇంకా జాగ్రత్త. కరోనా రోజుల్లో ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అంటూ ఇంటి గోడల మీది తీగలు కూడా మిగల్చలేదు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న కొందరి వివరాలు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. వాదం ఎలా తేలినా రుమటాయిడ్ రోగి వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: రక్షణ వ్యవస్థ శ్రుతిమించే కదా ఈ జబ్బు వచ్చింది, దాన్ని ఇంకా పెంచుకోవడం దేనికి?

ఇలా అన్నామని ఆయుర్వేదాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. మాధవ నిదానం ఈ లక్షణాలను ఆమవాతం పేరుతో శతాబ్దాల కిందటే వివరించింది. దీనికి ఆయుర్వేదం చెప్పే చికిత్సలో లంఘనం, శొంఠి, ఆముదం ముఖ్యమైనవి. కోయంబత్తూరులో జరిగి 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 43 మందిని మూడు జట్లు చేసి 36 వారాలు చూశారు. ఒక జట్టుకు మెథోట్రెక్సేట్, ఒక జట్టుకు శాస్త్రోక్త ఆయుర్వేదం, మూడోదానికి రెండూ. మూడు జట్లూ దాదాపు సమానంగా మెరుగుపడ్డాయి. తొలి అడుగులాంటి చిన్న ప్రయోగమే అయినా అమెరికా, భారత వైద్యులు కలిసి నిజాయతీగా చేశారు. కాకపోతే అక్కడ చికిత్స చేసింది రోగిని కూర్చోబెట్టి పరీక్షించిన ఆయుర్వేద వైద్యులు. బస్టాండు పక్కన పొట్లాలు కట్టి అమ్మేవాడు కాదు.

ఆ పొట్లాల కథ వేరు. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ పొడి కలిసి ఉంటుందని అనుమానించాల్సిందే. ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగరు పెరగడం, పొట్లం ఆపగానే నొప్పి రెట్టింపు కావడం దాని గుర్తులు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద ఉత్పత్తులు 193 కొని పరీక్షిస్తే దాదాపు అయిదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఏదో ఒకటి బయటపడిందని 2008లో అమెరికా పరిశోధకులు రాశారు. లేబుల్ మీద ‘నూరుశాతం ప్రకృతి సిద్ధం’ అని ఉన్నంత మాత్రాన లోపలున్నది ప్రకృతే కానక్కర్లేదు. ఆ మాటకొస్తే పాదరసమూ ప్రకృతి సిద్ధమే!

చేతులకు పని చెప్పాలి

నొప్పి ఉన్న వేలిని కదపొద్దంటారు పెద్దలు. కీలు ఎర్రగా కాగుతున్న నాలుగు రోజులూ అది నిజమే. తర్వాత కాదు. బ్రిటన్‌లో 490 మంది రుమటాయిడ్ రోగులతో చేసిన ప్రయోగంలో చేతి వ్యాయామాలు నేర్చుకుని ఇంట్లో చేసినవారి చేతులు ఏడాది తర్వాత కూడా మెరుగ్గా పనిచేశాయి. ఖర్చేమీ లేదు. గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు ముంచి, పిడికిలి మెల్లగా ముడిచి విప్పడం, బొటనవేలితో ఒక్కో వేలి కొసనూ తాకడం, మెత్తటి బంతినో గోధుమ పిండి ముద్దనో నొక్కడం. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే చాలు. దాంతోపాటు రోజూ నడక. బరువు పెరిగితే మందులు పనిచేయడం తగ్గుతుందని కూడా తేలింది.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 72 మందితో జరిగిన ఒక అధ్యయనంలో మందులు కొనసాగిస్తూ ఎనిమిది వారాలు యోగా చేసినవారిలో వాపు సూచికలు, దిగులు రెండూ తగ్గాయి. దిగులు తగ్గడం చిన్న విషయం కాదు. నిద్రపట్టని రాత్రి మర్నాడు నొప్పి ఎంత పెరుగుతుందో అనుభవించినవాళ్లకు తెలుసు. గోరువెచ్చటి నువ్వుల నూనె రాసుకుంటే హాయిగా ఉంటుంది, రాసుకోండి. ఉబ్బిన కీలును పట్టి పిసకడం మాత్రం వద్దు.

వడ్డించే చేతికి వడ్డించేదెవరు?

ఈ జబ్బు పడేది ఎక్కువగా ఇంట్లో అందరికీ వండి పెట్టే మనిషి మీద. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి మీద. తన కోసం విడిగా చేప కొనమనడానికి, ఇంకో కూర వండుకోవడానికి ఆమెకు మొహమాటం. పప్పు మానడం తేలిక, ఎందుకంటే అందులో ఎవరికీ ఖర్చు లేదు. మన పథ్యాలన్నీ ‘మానెయ్’ అనే మాట చుట్టూ తిరగడానికి ఇదీ ఒక కారణమే.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో బీడీలు చుట్టే వేళ్లకు, నరసాపురంలో లేసు అల్లే వేళ్లకు వాపు వస్తే ఆగేది పని మాత్రమే కాదు, ఆ పూట సంపాదన. ఇక పెళ్లికాని అమ్మాయికి ఈ జబ్బు బయటపడితే రిపోర్టు బీరువా అడుగుకు వెళ్తుంది. పెళ్లయ్యాక అత్తగారింట మాత్ర దాచుకుని వేసుకునేవాళ్లున్నారు. కొన్నాళ్లకు దాచడం కష్టమై ఆపేసేవాళ్లూ ఉన్నారు. ఇలా పోయే నెలలే కీలును కొరికే నెలలు.

ఇంట్లోవాళ్లు చేయగలిగినవి ఏమంత పెద్దవి కావు. పొద్దుటి మొదటి గంట ఆమెకు వంటింటి పని లేకుండా చూడటం, కుక్కర్ మూత తీసిపెట్టడం, బట్టలు పిండటం, గుండ్రటి కుళాయి పిడి తీసి పొడవాటి పిడి బిగించడం, మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు వికారంగా ఉంటే అల్లం మజ్జిగ కలిపి ఇవ్వడం. మగవాళ్లకు చేతకానివి ఇందులో ఒక్కటీ లేవు.

> ఎప్పుడు పరుగెత్తాలి?
>
> మందులు వాడుతుండగా జ్వరం తగ్గకపోతే, నోట్లో పుండ్లు పడితే, కళ్లు పచ్చబడితే, పొడిదగ్గు, ఆయాసం కొత్తగా మొదలైతే, కన్ను ఎర్రబడి నొప్పి పుడితే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. డాక్టరు చెప్పిన గడువుకు రక్తకణాలు, కాలేయం పరీక్షలు తప్పనిసరి. ఒళ్లు బాగున్నప్పుడు కూడా!

ఏటా అక్టోబరు 12న ప్రపంచ ఆర్థరైటిస్ దినం జరుపుకుంటాం. అంతవరకు ఎదురుచూడాల్సిన పనిలేదు. మీ ఇంట్లో ఎవరికైనా పొద్దున గంటకు మించి వేళ్లు బిగుసుకుపోతుంటే, రెండు చేతుల కణుపులూ ఉబ్బి ఆరు వారాలు దాటితే, ఈ వారమే కీళ్లవ్యాధుల నిపుణుడికి చూపించండి. అందుబాటులో లేకపోతే ముందు దగ్గర్లోని ఫిజీషియన్‌కైనా చూపించండి. ఇప్పటికే మందులు వాడుతుంటే వారం మాత్ర ఏ రోజో క్యాలెండర్ మీద ఎర్రసిరాతో సున్నా చుట్టండి. పప్పు, పెరుగు, ఆకుకూర, చేప మళ్లీ కంచంలోకి రానివ్వండి. ఏ కషాయమో చూర్ణమో తాగుతుంటే ఆ సీసా కూడా సంచీలో వేసుకుని వెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. తిడతారేమోనని భయమా? తిట్టినా సరే, దాచకండి.